వైరు చేసే మూడు పనులు, వైరు అనే మాటకున్న అనేక అర్థాలు

టేబుల్ వెనక్కి వంగిన మనిషి ‘ఆ వైరు ఇటివ్వు’ అని అడిగితే, అడిగింది ఛార్జరు తీగో, ఇంటర్నెట్ కేబులో, ఎక్స్‌టెన్షన్ బాక్సో ఆ మాటను బట్టి చెప్పలేము. చేయి ఎటు చాపాడో చూసి అర్థం చేసుకుంటాము. అదే మాట వార్తల్లోకి వచ్చేసరికి చూసి తెలుసుకునే వీలు కూడా ఉండదు. ‘వైర్ ట్రాన్స్‌ఫర్ ద్వారా సొమ్ము పంపారు’, ‘వైర్ ఫ్రాడ్ అభియోగం మోపారు’, ‘వైర్ సర్వీసులు ఈ వార్తను ఇచ్చాయి’ అని చదివినప్పుడు అక్కడ తీగ ఎక్కడుందో కనిపించదు. ఈ అర్థాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పోగుపడినవి అనిపిస్తుంది గాని, అది నిజం కాదు. మనిషి లోహపు తీగ చేత మూడు పనులు చేయించుకున్నాడు: బరువు లాగించాడు, విద్యుత్తును మోయించాడు, సందేశాన్ని పంపించాడు. దాదాపు ఏ అర్థాన్ని పట్టుకొని వెనక్కి వెళ్లినా ఈ మూడింటిలో ఒకదాని దగ్గర తేలుతుంది. ఏ తీగ ఏ పని కోసం తయారైందో తెలిస్తే మాటలోని చిక్కు విడిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఒక పనికి వాడవలసిన తీగను మరో పనికి వాడి ప్రమాదం తెచ్చుకోకుండా ఉంటాము.

ముందు వైరు, కేబుల్, కార్డ్ అనే మూడు మాటల మధ్య ఉన్న తేడా చూద్దాం. సాంకేతిక పరిభాషలో వైరు అంటే ఒకే వాహకం, అంటే కరెంటును పోనిచ్చే ఒకే లోహపు తీగ. అది ఒంటి కడ్డీలా గట్టిగా ఉండవచ్చు, లేదా సన్నని పోగులను పేని చేసినది కావచ్చు. దాని మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నా, లేకున్నా అది వైరే. విడివిడిగా తొడుగులున్న రెండు లేక అంతకంటే ఎక్కువ వైర్లను చేర్చి, వాటన్నిటి మీదా మరో తొడుగు వేస్తే అది కేబుల్. ఆ కేబుల్‌ను తరచూ చుట్టడానికి, వంచడానికి వీలుగా మెత్తగా తయారు చేసి ఒక చివర ప్లగ్గు పెడితే దానిని కార్డ్ అంటారు. అయితే ఈ విభజన గట్టి గీత కాదు. భూమిలో పాతే హైవోల్టేజి కేబుల్‌లో ఒకే వాహకం ఉన్నా, దాని చుట్టూ ఉండే పొరల కారణంగా దానిని కేబుల్ అనే పిలుస్తారు. వాడుకలోనైతే ఈ మూడింటినీ వైరు అనే అంటాము. అందులో తప్పు లేదు గాని, కొనేటప్పుడు మాత్రం ఈ తేడా అవసరం.

పాడైపోయిన ఇస్త్రీపెట్టె త్రాడునో, టేబుల్ ఫ్యాన్ త్రాడునో ప్లగ్గు తీసేసి కోసి చూస్తే ఈ నిర్మాణం కంటికి కనిపిస్తుంది. పై తొడుగు ఒలిస్తే లోపల సాధారణంగా మూడు వైర్లుంటాయి. ఎన్నో దేశాలు అనుసరించే అంతర్జాతీయ పద్ధతి ప్రకారం గోధుమ రంగుది కరెంటు తెచ్చే ఫేజ్, నీలం రంగుది దానిని వెనక్కి తీసుకుపోయే న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఉన్నది రక్షణ కోసం భూమికి కలిపే ఎర్త్. ఒక్కో వైరు తొడుగును మళ్లీ ఒలిస్తే వెంట్రుకల వంటి రాగి పోగులు విచ్చుకుంటాయి. అడ్డంగా కోస్తే కనిపించే రాగి వైశాల్యం 0.75 చదరపు మిల్లీమీటర్లు ఉన్న వైరులో సాధారణంగా 0.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పోగులు 24 ఉంటాయి. అంతే రాగిని ఒకే కడ్డీగా పెడితే తయారీ సులువే గాని, పదే పదే వంచినప్పుడు లోహం అలసిపోయి విరుగుతుంది. గోడలో ఒకసారి పెట్టి కదిలించని చోట ఒంటి కడ్డీ తీగ సరిపోతుంది. చేతిలో కదులుతూ ఉండే పరికరానికి పోగుల తీగ తప్పనిసరి. అటువంటి తీగ కూడా చివరకు ప్లగ్గు మెడ దగ్గరే తెగుతుంది, ఎందుకంటే వంపు అంతా అక్కడే పడుతుంది. ప్లగ్గును పట్టుకోకుండా త్రాడును పట్టి లాగే అలవాటు ఆ మెడను ఇంకా తొందరగా తెంపుతుంది.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక చెప్పక తప్పదు. పాత పద్ధతిలో ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు వాడిన దేశాలున్నాయి. అమెరికాలో నలుపు ఫేజ్‌కు, తెలుపు న్యూట్రల్‌కు వాడతారు. అంటే ఒక దేశంలో న్యూట్రల్‌ను సూచించిన నలుపు రంగు మరో దేశంలో ప్రాణాంతకమైన ఫేజ్‌ను సూచిస్తుంది. పైగా వైరింగ్ చేసిన మనిషి చేతిలో ఏ రంగు ఉంటే అది వాడి ఉండవచ్చు. రంగును నమ్మి తీగను ముట్టుకోకూడదు. మెయిన్ ఆపి, టెస్టరుతో చూసిన తరువాతే చేయి పెట్టాలి.

ఇక మూడు పనుల్లో అన్నిటికంటే పాతది లాగడం. లోహపు కడ్డీని దానికంటే సన్నని రంధ్రం గుండా బలంగా లాగితే అది సాగి సన్నబడుతుంది. అంతకంటే సన్నని రంధ్రం గుండా మళ్లీ లాగితే ఇంకా సన్నబడుతుంది. బంగారు, వెండి తీగలను నగల కోసం ఇలాగే తీసేవారు. నేటి కర్మాగారాలు చేసేదీ మూలంలో ఇదే. ఉక్కును ఇలా చల్లగా లాగినప్పుడు అది సన్నబడటమే కాక గట్టిపడుతుంది కూడా. జర్మనీలోని హార్ట్స్ ప్రాంతపు గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ 1834లో ఇనుప తీగలను పేని త్రాడు చేశాడు. అంతవరకు గనుల్లో ఇనుప గొలుసులు, జనపనార మోకులు వాడేవారు. గొలుసులో ఒక్క లంకె తెగితే బరువంతా కింద పడుతుంది, మోకు తడికి కుళ్లిపోతుంది. తీగల త్రాడులో ఒక తీగ తెగినా మిగిలినవి భారం మోస్తాయి, తెగిన తీగ పైకి కనిపించి ముందే హెచ్చరిస్తుంది. లిఫ్టులు, క్రేన్లు, రోప్‌వేలు నేటికీ ఈ సూత్రం మీదే నడుస్తున్నాయి. అమెరికాలో 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెన ప్రధాన కేబుల్ మందం 90 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది, అందులో 27,572 ఉక్కు తీగలున్నాయి. సైకిల్ బ్రేకు వైరు కూడా ఈ కుటుంబానిదే. అందులో విద్యుత్తు లేదు, సందేశం లేదు, ఉన్నది వేళ్ల బలాన్ని చక్రం దాకా చేర్చే లాగుడు మాత్రమే.

రెండవ పని విద్యుత్తును మోయడం. ఇక్కడే మనకు ఎక్కువ జాగ్రత్త కావాలి, అయినా ఇక్కడే ఎక్కువ అశ్రద్ధ కనిపిస్తుంది. ఎంత మంచి రాగి అయినా కరెంటుకు కొంత నిరోధం కలిగిస్తుంది. ఆ నిరోధం తీగ పొడవును బట్టి పెరుగుతుంది, మందాన్ని బట్టి తగ్గుతుంది. నిరోధం వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ఈ ఒక్క లెక్క మనసుకు పడితే వైరు మందం గురించి మరొకరు చెప్పనక్కరలేదు.

లెక్క వేసి చూద్దాం. సాకెట్టు నుంచి పరికరం దాకా 10 మీటర్ల దూరం ఉంటే కరెంటు పోయి రావడానికి 20 మీటర్ల తీగ కావాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే ఆ పొడవుకు నిరోధం సుమారు 0.14 ఓములు. దాని గుండా 16 ఆంపియర్ల కరెంటు పోతే తీగ పొడవునా కలిపి దాదాపు 35 వాట్ల వేడి పుడుతుంది. అది 10 మీటర్ల త్రాడు మీద పరుచుకొని గాలిలో కలిసిపోతుంది. అదే పొడవుకు 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్నని త్రాడు వాడితే నిరోధం 0.46 ఓములకు చేరుతుంది, వేడి 117 వాట్లు దాటుతుంది. సాధారణ పి.వి.సి. తొడుగు 70 డిగ్రీల సెల్సియస్ వరకే నిశ్చింతగా పని చేస్తుంది. ఆ త్రాడును డ్రమ్ముకు చుట్టి ఉంచి, దాని చివర హీటరు పెడితే వేడి బయటకు పోయే దారి లేక లోపలి చుట్లు కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి, తొడుగు పోయిన చోట షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అందుకే చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ త్రాడును పెద్ద లోడుకు వాడేటప్పుడు పూర్తిగా విప్పి పరచాలి. చుట్టి ఉన్నప్పుడు ఎంత లోడు, విప్పినప్పుడు ఎంత లోడు అని చాలా డ్రమ్ముల మీద విడివిడిగా ముద్రించి ఉండటానికి కారణం ఇదే.

ఎలక్ట్రీషియన్లు ‘ఒకటిన్నర’, ‘రెండున్నర’, ‘నాలుగు’ అని తీగను పిలిచేది ఈ అడ్డుకోత వైశాల్యాన్నే. అంకె పెద్దదైతే తీగ లావు. తీగ మందాన్ని వరుస అంకెలతో చెప్పే గేజి లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. అమెరికన్ గేజి పద్ధతిలో అంకె పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది, ప్రతి మూడు అంకెలకూ వైశాల్యం ఇంచుమించు సగమవుతుంది. తీగను ఎన్నిసార్లు రంధ్రాల గుండా లాగితే అంత సన్నబడుతుందన్న పాత పనివారి లెక్క ఇందులో మిగిలిపోయింది. ఈ రెండు పద్ధతులను కలగలిపి చదివితే తీగ ఎంపిక తారుమారవుతుంది.

దూర ప్రాంతాలకు కరెంటును చేర్చే ప్రసార లైన్ల దగ్గర సాధారణంగా రాగి కనిపించదు. అల్యూమినియం వాహకత రాగిలో 60 శాతానికి కాస్త ఎక్కువే గాని, దాని సాంద్రత రాగిలో మూడో వంతు లోపే. అందువల్ల అంతే కరెంటు మోయడానికి తీగను లావు చేయవలసి వచ్చినా మొత్తం బరువు రాగిలో సగానికి తగ్గుతుంది. అయితే అల్యూమినియానికి స్తంభాల మధ్య సాగకుండా నిలిచే బలం లేదు. కాబట్టి నడుమ ఉక్కు తీగలు పెట్టి, వాటి చుట్టూ అల్యూమినియం తీగలు పేనుతారు. లాగే పని ఉక్కుది, మోసే పని అల్యూమినియానిది. తీగ చేసే రెండు పనులు ఒకే త్రాడులో ఇంత స్పష్టంగా విడివిడిగా కనిపించే ఉదాహరణ నాకు మరొకటి తోచడం లేదు.

మూడవ పని సందేశం పంపడం. ఇంగ్లీషులో వైరు అనే మాటకు ఇన్ని అర్థాలు పుట్టింది ఇక్కడే. 1844 మే 24న అమెరికన్ ఆవిష్కర్త శామ్యూల్ మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు టెలిగ్రాఫ్ సందేశం, అంటే తీగ మీద విద్యుత్ సంకేతాలుగా సాగే సందేశం పంపాడు. అప్పటి వరకు వార్త ఎక్కువగా మనిషితోనో, గుర్రంతోనో, రైలుతోనో ప్రయాణించేది. తీగ వార్తను దానిని మోసే మనిషి నుంచి విడదీసింది. ఆ తరువాత ‘వైర్’ నామవాచకంగా టెలిగ్రామ్ అయింది, క్రియగా టెలిగ్రామ్ ఇవ్వడం అయింది. తెలుగులోనూ ఇదే జరిగింది. తీగ అనే అర్థమున్న ‘తంతి’ టెలిగ్రామ్‌కు పేరై, తపాలాతో జంట కట్టింది.

భూమి మీది సందేశాన్ని వైర్ అంటే, సముద్రం దాటిన సందేశాన్ని కేబుల్ అన్నారు. ఈ తేడా వెనుక భౌతిక కారణం ఉంది. స్తంభాల మీద తీగను గాలే వేరు చేసి ఉంచుతుంది గనుక తొడుగు లేకున్నా సరిపోతుంది. ఉప్పునీటిలో అలా కుదరదు. రాగి చుట్టూ గట్టా పెర్చా అనే చెట్టుపాల పదార్థం, దాని మీద రక్షణగా ఇనుప తీగల కవచం వేసి మొదటి అట్లాంటిక్ కేబుల్‌ను 1858లో వేశారు. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. నీటిలోని పొడవైన కేబుల్ విద్యుదావేశాన్ని తనలో నిలుపుకొంటుంది, అందువల్ల ఒక చివర పదునుగా పంపిన సంకేతం రెండో చివర సాగి, చెదిరి చేరుతుంది. దానికి విరుగుడుగా కేబుల్ సంస్థ ఎలక్ట్రీషియన్ వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వోల్టేజిని దాదాపు 2000 వోల్టులకు పెంచాడు. అసలే లోపాలున్న కేబుల్ దానిని తట్టుకోలేక కొద్ది వారాల్లోనే మూగబోయింది. లావు రాగి, మంచి తొడుగు, అతి చిన్న కరెంటును సైతం పసిగట్టే పరికరం కావాలని భౌతిక శాస్త్రవేత్త విలియం థామ్సన్ వాదించాడు. గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడ 1866లో వేసిన కేబుల్ అతని వాదనను నిలబెట్టింది. సందేశపు తీగకు కరెంటు బలం కంటే సంకేతపు స్పష్టత ముఖ్యమన్న పాఠం అక్కడ నేర్చుకున్నదే. కరెంటు మోసే తీగ ఆలోచనలు సందేశపు తీగకు పనికిరావని వైట్‌హౌస్ వైఫల్యం తేల్చి చెప్పింది. కరెన్సీ వ్యాపారులు పౌండు, డాలరు మారకపు రేటును నేటికీ ‘కేబుల్’ అని పిలవడానికి మూలం అట్లాంటిక్ అడుగున వేసిన ఆ తీగే. రాయబార కార్యాలయాలు తమ దేశానికి పంపే నివేదికలను ‘కేబుల్స్’ అనడం కూడా అప్పటి అలవాటే.

వార్తాసంస్థలు ఈ తీగల మీదే పెరిగాయి. అసోసియేటెడ్ ప్రెస్ 1846లో, రాయిటర్స్ 1851లో మొదలయ్యాయి. వాటిని వైర్ సర్వీసులు అనడం టెలిగ్రాఫ్ పోయిన తరువాత కూడా ఆగలేదు.

డబ్బు సంగతి కాస్త నిదానంగా చూడాలి. అమెరికాలో వెస్టర్న్ యూనియన్ సంస్థ 1871లో తీగ మీద డబ్బు పంపే సేవ ప్రారంభించింది. అసలు జరిగేది ఏమిటంటే, పంపే మనిషి ఇక్కడి కార్యాలయంలో సొమ్ము కడతాడు, ఇక్కడి ఉద్యోగి అక్కడి కార్యాలయానికి రహస్య సంకేతంతో ‘ఫలానా వారికి ఇంత ఇవ్వండి’ అని తంతి పంపుతాడు, అక్కడి వారు తమ దగ్గరున్న సొమ్ములోంచి చెల్లిస్తారు. తీగ మీద ప్రయాణించింది ఆదేశమే తప్ప ధనం కాదు. రెండు కార్యాలయాల లెక్కలు తరువాత సరిచేసుకుంటారు. బ్రస్సెల్స్ కేంద్రంగా 1973లో ఏర్పడిన స్విఫ్ట్ సంస్థ కూడా బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలను చేరవేస్తుంది, ఖాతాల్లో డబ్బు నిలవ ఉంచుకోదు. ఇంకొక మాట కూడా చెప్పాలి. వైర్ ట్రాన్స్‌ఫర్ అవతలి ఖాతాకు చేరి, అక్కడి మనిషి సొమ్ము తీసుకున్న తరువాత వెనక్కి రాబట్టడం చాలా కష్టం. మోసగాళ్లు ఈ పద్ధతినే పట్టుబట్టి అడగడానికి అదే కారణం.

వైర్ ఫ్రాడ్ అనే మాట విని అది తీగల దొంగతనమో, బ్యాంకు బదిలీలకే పరిమితమైన మోసమో అనుకోవచ్చు. 1952 నాటి అమెరికా సమాఖ్య చట్టంలో దాని అర్థం ఇంకా విశాలమైనది. మోసపూరిత పథకం కోసం రాష్ట్రాల సరిహద్దులు గాని, దేశ సరిహద్దు గాని దాటేలా తీగ, రేడియో, టెలివిజన్ మార్గాల్లో సందేశం పంపితే అది ఈ నేరం కిందకు వస్తుంది. ఫోన్ పిలుపు, ఈ-మెయిల్ కూడా ఇందులో చేరతాయి. ఎన్నో ఆర్థిక నేరాల కేసుల్లో ఈ అభియోగం కనిపించడానికి ఆ విస్తృతే కారణం. వైర్ ట్యాపింగ్ మాత్రం అక్షరాలా తీగతో పుట్టింది. ఫోన్ లైనుకు మరో తీగ కలిపి మాటలు వినేవారు. నేడు తీగ ముట్టకుండా సాఫ్ట్‌వేర్‌తో విన్నా ఆ పేరే నిలిచింది.

మిగిలిన జాతీయాలను త్వరగా చూడవచ్చు. ‘లైవ్ వైర్’ అంటే కరెంటు ఉన్న తీగ, దాని నుంచి హుషారుగా కదిలే మనిషి. ‘హార్డ్‌వైర్డ్’ అంటే మార్చడానికి వీలులేకుండా తీగలతోనే బిగించినది, దాని నుంచి పుట్టుకతో వచ్చిన స్వభావం. ‘డౌన్ టు ద వైర్’ అనే మాటకు విద్యుత్తుతో పని లేదు, గుర్రపు పందెంలో గెలుపు గీత పైన కట్టే తీగ నుంచి వచ్చి, చివరి క్షణం దాకా తేలని పోటీని సూచిస్తుంది.

నేటి డేటా కేబుల్స్ థామ్సన్ పాఠాన్నే కొనసాగిస్తున్నాయి. ఇంటర్నెట్ కేబుల్‌ను ఒలిస్తే లోపల ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా మెలిపెట్టి ఉంటాయి. జంటలోని రెండు తీగలు ఒకే సంకేతాన్ని ఒకదానికొకటి వ్యతిరేకంగా మోస్తాయి. బయటి నుంచి వచ్చే విద్యుత్ రొద రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడుతుంది గనుక, చివర వాటి తేడాను మాత్రమే చదివితే ఆ రొద కొట్టుకుపోతుంది. ఇలా మెలిపెట్టే ఆలోచనకు అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంటు పొందాడు. నాలుగు జంటల మెలికలు ఒకే బిగువున ఉండవు, జంటల మధ్య ఒకరి మాట మరొకరికి వినపడకుండా కావాలనే తేడాగా తిప్పుతారు. కాబట్టి ప్లగ్గు బిగించేటప్పుడు మెలికలను అవసరానికి మించి విప్పితే, తీగలన్నీ సరిగ్గా తగిలి ఉన్నా వేగం పడిపోతుంది. ఈ కేబుల్‌ను ఒకే వరుసలో సాధారణంగా 100 మీటర్లు మించి లాగకూడదు.

ఆప్టికల్ ఫైబర్‌ను కూడా వైరు అనే పిలుస్తున్నాము గాని అందులో లోహం లేదు, కాంతి నడిచే గాజుపోగు ఉంది. దూర ప్రయాణాలకు వాడే రకంలో కాంతి నడిచే మధ్యభాగం మందం సుమారు 9 మైక్రోమీటర్లే. గాజు మలినాలు తొలగిస్తే కాంతి చాలా దూరం పోగలదని శాస్త్రవేత్త చార్లెస్ కావ్ 1966లో చూపించాడు, అందుకు 2009లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అట్లాంటిక్ అడుగున తొలి ఫైబర్ కేబుల్ 1988లో వేశారు. ఖండాల మధ్య నడిచే డేటాలో అత్యధిక భాగం నేడు ఇటువంటి కేబుల్స్ మీదే సాగుతోంది. ‘వైర్‌లెస్’ అని పిలిచే ఫోన్ పిలుపు కూడా చేతి నుంచి టవరు దాకా మాత్రమే గాలిలో పోతుంది, టవరు దాటాక దాని దారి చాలా వరకు తీగలదే.

కరెంటు మోసే పని, సందేశం పంపే పని మళ్లీ ఒకటిగా కలిసింది యు.ఎస్.బి. కేబుల్‌లో. అందుకే అది మనల్ని ఎక్కువగా తికమక పెడుతుంది. సి-రకం ప్లగ్గు ఉన్న కేబుల్స్ అన్నీ బయటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకటి సెకనుకు 480 మెగాబిట్లే పంపగలదు, మరొకటి 40 గిగాబిట్లు పంపగలదు. ఒకటి 60 వాట్ల వరకే శక్తి మోస్తుంది, మరొకటి 240 వాట్లు మోస్తుంది. మూడు ఆంపియర్లకు మించి మోసే కేబుల్ ప్లగ్గులో ఒక చిన్న చిప్ ఉండాలి. తన సామర్థ్యం ఇంత అని అది ఛార్జరుకు చెప్పిన తరువాతే ఛార్జరు ఎక్కువ కరెంటు ఇస్తుంది. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఛార్జ్ అవుతుంటే ఛార్జరును అనుమానించే ముందు కేబుల్ మార్చి చూడాలి. వేగంగా ఛార్జ్ చేసే కేబుల్ ఫైళ్లను కూడా వేగంగా పంపుతుందని అనుకోకూడదు, ఆ రెండు పనులకూ లోపల వేర్వేరు తీగలున్నాయి. కొనేటప్పుడు ప్లగ్గు మీద గాని, పెట్టె మీద గాని వాట్ల అంకె, గిగాబిట్ల అంకె రెండూ వెతకాలి. ఒకటే రాసి ఉంటే, రెండో పనికి ఆ కేబుల్ తగినదని నమ్మడానికి ఆధారం లేనట్టే.